ట్యాంకు అట్ట కిట్లు కొనేవాళ్లు డబ్బులు పంపేముందు ఇది చదవండి

కోపం ఇంకా తగ్గలేదు, తప్పులుంటే క్షమించండి. వాట్సాప్‌లో 1:25 స్కేలు (అసలు దానిలో ఇరవై ఐదో వంతు) అట్ట ట్యాంకుల కిట్లు అమ్మే కరీంనగర్ ఆయన మీలో చాలామందికి తెలుసు. పోయిన నెల ఆయన దగ్గర పీటీ-76 ట్యాంకు కిట్టు తీసుకున్నాను. కోసి అతికించే ముక్కలున్న షీట్ల ప్రింటు, లేజర్‌తో కోసిన లోపలి ఫ్రేము, చక్రాలు కలిపి 1,850 రూపాయలు. మొత్తం ముందే ఫోన్‌లో కొట్టేశాను.

పీటీ-76 నే ఎందుకంటే, 1971 యుద్ధంలో మా బాపు నడిపింది అదే. 14 టన్నుల బండి, పడవలా నీళ్ల మీద ఈదుతుంది. నదులు, చిత్తడి నేలలున్న తూర్పు పాకిస్థాన్‌లోకి మనవాళ్లు వీటితో వెళ్లారు. బాపుకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ముందు మధ్యలో డ్రైవర్ కూర్చునే చోటు, వెనక నీళ్లు చిమ్మే రెండు రంధ్రాలు, అటు ఆరు ఇటు ఆరు చక్రాలు, అన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టాలని నా ఆశ. అందుకే చిన్న ప్లాస్టిక్ బొమ్మ వద్దనుకున్నాను. తుపాకీ గొట్టంతో కలిపి ముప్పై సెంటీమీటర్లు వచ్చే ఈ అట్ట మోడల్ కావాలనుకున్నాను.

హనుమకొండలో మా ఇంట్లో మూడు రాత్రులు కూర్చున్నాను. ఫ్రేము బిగించాను, బాగా కుదిరింది. షీటులోంచి పక్క పలకలు కోసి, మడతలు గీసి, ఫెవికాల్ రాసి ముందు నుంచి అతికించుకుంటూ వెనక్కి వచ్చేసరికి పలక సెంటీమీటరుకు పైనే పొట్టిగా ఉంది! ఆ రెండు రంధ్రాలుండే వెనక పలక అసలు మూసుకోవడమే లేదు. చక్రాలు చూస్తే, మీద అతికించే వృత్తాలు చుట్టూ అర మిల్లీమీటరు తక్కువ. అప్పుడు షీటు మూలన ఉన్న పది సెంటీమీటర్ల కొలత గీత మీద స్కేలు పెట్టాను. 96 మిల్లీమీటర్లు. ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపడా కుదించే సెట్టింగు అలాగే వదిలేశాడు. కత్తెర పట్టకముందే ఈ గీత కొలవాల్సింది. పన్నెండేళ్లుగా అట్ట మోడళ్లు కడుతున్నవాణ్ణి, ఆ ఒక్క నిమిషం ఆగలేకపోయాను. మూడు రాత్రుల పని నా చేతులతోనే పాడైంది.

దీనికి తోడు 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు 170 గ్రాములు తూగే) మందపాటి అట్ట అని చెప్పి మామూలు జిరాక్స్ కాగితం పంపాడు. జిగురు తడికి ఉబ్బింది, ఆకుపచ్చ రంగు వేళ్లకు అంటుకుంది.

వీటన్నిటికీ సర్దుకునేవాణ్ణి. ఫోన్‌లో ఆయన మాట్లాడిన తీరుకే కడుపు మండిపోయింది. డబ్బులు పంపకముందు నేను అడిగింది ఒక్కటే, ప్రింటు అసలు కొలతలోనే ఉంటుందా అని. "అన్నా, నేనే కట్టి చూసిన, మిల్లీమీటర్ తేడా రాదు, మీరు రంది పెట్టుకోకుండ్రి" అన్నాడు. నమ్మాను. నిన్న ఫోన్ చేసి 96 వస్తోందని చెబితే, "నీ స్కేలే తప్పు" అన్నాడు. "అన్నా", "మీరు" అన్న నోరే "నువ్వు" అనడం మొదలుపెట్టింది. మీరు కట్టిన దాని ఫోటో ఒకటి పంపండి, వెనక పలక ఎలా మూసుకుందో చూస్తానన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత, "నేనెందుకు కడత? నేను ప్రింట్ కొట్టి అమ్మేటోన్ని. కోసినంక రిటర్న్ లేదు. ఇంత పెద్ద మనిషివి, అట్ట బొమ్మకు గింత లొల్లా?" అన్నాడు.

అంటే కట్టి చూశానన్నది పచ్చి అబద్ధం. పక్క మంచం మీద పడుకున్న బాపుకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. "పోనీ బిడ్డా, నాకేం అవసరం లేదు" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

షీట్ల పీడీఎఫ్ అయినా ఇస్తే యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో మందపాటి అట్ట మీద నేనే తీసుకుంటానని మెసేజ్ పెట్టాను. బ్లాక్ చేశాడు.

ఆయన దగ్గర ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ విప్పగానే కొలత గీత మీద స్కేలు పెట్టి ఫోటో తీయండి. 100 మిల్లీమీటర్లు లేకపోతే ఒక్క ముక్క కూడా కోయకండి. కొత్తగా కొనేవాళ్లు కట్టిన మోడల్ ఫోటో చూడకుండా ముందే డబ్బులు ఇవ్వొద్దు.

ఫ్రేము సరైన కొలతలోనే ఉంది, పదిలంగా దాచాను. 1:25 పీటీ-76 షీట్లు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, డబ్బులిచ్చి తీసుకుంటాను. వరంగల్, కాజీపేట అయితే నేనే వచ్చి తెచ్చుకుంటాను.