ఆంధ్రుల సాంఘిక చరిత్ర: పుస్తకానికి 5, ఈ ప్రింటుకి 3

సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నెల దాటింది. స్కూల్లో చరిత్ర అంటే ఎవరు ఎవరి మీద దండెత్తారు, ఏ ఏట గద్దె ఎక్కారు అన్నదే కదా, ఇందులో అది పక్కన పెట్టి మన జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు, అదంతా కాకతీయుల కాలం, రెడ్డిరాజుల కాలం, విజయనగరం అంటూ వరసగా చెప్పుకొస్తారు.

నన్ను బాగా పట్టేసింది ఆయన పద్యాల్ని వాడుకున్న తీరు. క్రీడాభిరామం అనే పాత వీథినాటకంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి (అప్పటి నాణెం) కప్పురభోగి అనే రకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంటలతో భోజనం పెట్టే పద్యం ఉందే, నేను కాలేజీలో అది బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ అందులో ఒక ఊరి హోటలు, దాని మెనూ, రేటు ఉన్నాయని అప్పుడు తట్టనేలేదు. పాల్కురికి సోమనాథుడి కావ్యాలు, ఆముక్తమాల్యద, హంసవింశతి, అన్నీ ఇలాగే జల్లెడ పట్టారు. నిఘంటువు తీస్తే 'బాలక్రీడావిశేషము' అని రాసి వదిలేస్తారు, ఈయన మాత్రం ఆ ఆట ఏంటో తేల్చాలని చూస్తారు. గ్రాంథికమే, కానీ రెండు పేజీలు దాటితే అలవాటైపోతుంది.

ఈ ప్రింటులో లోటు ఏంటంటే వెనక పదసూచిక లేదు. ఇన్ని వందల పాత మాటలున్న పుస్తకానికి అది లేకపోతే ఎలా, మళ్ళీ ఒక మాట వెతకాలంటే మొత్తం తిరగెయ్యాలి, నేనే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. ఫుట్‌నోట్ల అక్షరాలు మరీ సన్నం. రచయిత గురించి అట్ట మీద నాలుగే లైన్లు, అది నాకు బాగా బాధనిపించింది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మనిషి, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరంటే 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చి చూపించిన మనిషి, 1930లో జోగిపేటలో నిజాం రాజ్యపు తెలుగువాళ్ళ మొదటి ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడు, 1952లో వనపర్తి ఎమ్మెల్యే. ఇన్ని పనుల మధ్య 1949లో ఈ పుస్తకం తెచ్చి 1953లో పోయారు, తెలుగుకి మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే వచ్చింది, అది చూడ్డానికి ఆయన లేరు. ఒక్క పేజీ ఇవ్వాల్సింది!

కొత్తగా చదివేవాళ్ళు కాకతీయుల అధ్యాయంతో మొదలుపెట్టండి, మొదటిది తర్వాత చదువుకోవచ్చు. డెలివరీలో అట్ట మూల నలిగి వచ్చింది, మార్చమని అడగలేదు, అప్పటికే నలభై పేజీలు చదివేశాను.