ఆన్‌లైన్ సదస్సుకు ప్రసంగం రికార్డు చేయడం: పవర్‌పాయింట్‌ను ఏళ్ల తరబడి వాడాక

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక సదస్సులు ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌కు మారాయి. ఆ ఏప్రిల్‌లో ఆడిస్ అబాబాలో జరగాల్సిన ఐసీఎల్ఆర్ అనే కృత్రిమ మేధ సదస్సు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే జరిగింది. పరిశోధన పత్రాలు రాసినవారి చేత ఆ సదస్సు ప్రసంగాలను ముందే రికార్డు చేయించి ఉంచింది. తర్వాత మిగిలిన శాస్త్రాల వారికీ అది అలవాటైంది. హైదరాబాద్ తార్నాక ప్రాంతంలో ఉంటూ డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పే నేను, అప్పటి నుంచి ఏ సదస్సు వారు వీడియో పంపమన్నా పవర్‌పాయింట్‌లోని రికార్డింగ్ సౌకర్యాన్నే వాడుతున్నాను. మధ్యలో జూమ్‌నూ, తెరను రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌నూ కూడా తగినంత వాడి చూశాను. స్లైడ్ల మీద నడిచే ప్రసంగానికి మామూలు లాప్‌టాప్‌లో ఇంతకు మించిన సాధనం నాకు కనబడలేదు. ఇది గొంతును ఒకే పొడవాటి రికార్డింగుగా కాక, ఏ స్లైడ్ మాటను ఆ స్లైడ్‌లోనే భద్రపరుస్తుంది. నా ఇష్టానికి కారణం అదే.

ఈ ఒక్క లక్షణం పని తీరునే మార్చేస్తుంది. రికార్డ్ ట్యాబ్‌లోకి వెళ్లి మొదటి స్లైడ్ నుంచి గానీ, ప్రస్తుత స్లైడ్ నుంచి గానీ మొదలుపెట్టవచ్చు. మూడు, రెండు, ఒకటి అని లెక్క కనిపించి రికార్డింగ్ మొదలవుతుంది. పూర్తయ్యాక ప్రతి స్లైడ్ కింది మూలలో చిన్న స్పీకర్ గుర్తు పడుతుంది. ఏడో స్లైడ్‌లో మాట తడబడితే ఆ ఒక్క స్లైడ్‌నే మళ్లీ చెప్పవచ్చు, మిగిలినవి చెక్కుచెదరవు. పావుగంట ప్రసంగాన్ని ఒక్క ఊపిరిలో తప్పు లేకుండా చెప్పాలన్న భయం పోతుంది. ఆ భయం పోయిన గొంతు వినేవారికి తేడాగా తెలుస్తుంది. పత్రం చదివే అలవాటు లేని యువ పరిశోధకులకు నేను దీన్ని గట్టిగా సిఫారసు చేయడానికి ముఖ్య కారణం ఇది.

అయితే దీనికి అంటుకుని ఒక పరిమితి ఉంది, దాన్ని మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీల్లోనే చెబుతుంది: ఒక స్లైడ్ నుంచి మరో స్లైడ్‌కు మారే క్షణంలో గొంతు రికార్డు కాదు. వాక్యం చివరి మాట చెబుతూనే మీట నొక్కితే ఆ మాట తోక తెగిపోతుంది. అందువల్ల స్లైడ్ తెరపైకి వచ్చాక ఒక శ్వాస ఆగి మొదలుపెట్టడం, చెప్పడం పూర్తయ్యాక మరో శ్వాస ఆగి ముందుకు వెళ్లడం తప్పనిసరి. వాక్యాన్ని ఒక స్లైడ్‌లో మొదలుపెట్టి పక్క స్లైడ్‌లో ముగించడం తరగతి గదిలో చాలా సహజంగా ఉంటుంది గానీ ఇక్కడ పనికిరాదు. ప్రతి స్లైడ్‌కూ దాని మాట దానికే పూర్తిగా ఉండాలి. మొదట్లో ఇది బిగింపుగా అనిపిస్తుంది, కానీ క్రమంగా స్లైడ్ల కూర్పే మెరుగవుతుంది, ఎందుకంటే రెండు విషయాలు ఇరికించిన స్లైడ్‌కు మాట కుదరదు.

జూమ్‌లో ఒంటరిగా మీటింగ్ మొదలుపెట్టి, తెర పంచుకుని రికార్డు చేయడం చాలామంది చేసే పని. అది వెంటనే ఎంపీ4 ఫైలు ఇస్తుంది, నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. ఐదు నిమిషాల పరిచయ ప్రసంగానికి అది చాలు. కానీ మధ్యలో ఒక్క మాట మార్చాలంటే వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలి, లేదా మొత్తం మళ్లీ చెప్పాలి. ఓబీఎస్ ఉచితం, దాని సోర్సు కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది, ఎంతో శక్తిమంతమైనది. ఏదైనా సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూపించాలన్నా, ఏదైనా పరికరాన్ని కెమెరాతో స్లైడ్ పక్కన చూపాలన్నా అదే సరైనది. దాన్ని వాడేవారు ఎంకేవీ రూపంలో రికార్డు చేసి తర్వాత ఎంపీ4గా మార్చుకోవడం మంచిది, ఎందుకంటే మామూలు ఎంపీ4 రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయో, యంత్రం ఆగిపోయో తెగితే ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా ఉన్నది మిగులుతుంది.

మాటలు ముందే రాసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు రాసుకోవాలనే. ఇంగ్లీషు ప్రసంగానికి నిమిషానికి 130 మాటల చొప్పున లెక్క వేసుకుని ప్రతి స్లైడ్ కింద నోట్స్‌లో రాస్తాను. అప్పుడు పది నిమిషాల గడువు దాటదు. కొత్త కూర్పుల్లోని రికార్డింగ్ తెరలో టెలీప్రాంప్టర్ తరహా అమరిక ఉంది, నోట్స్ తెర పైభాగంలో కెమెరాకు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి చూపు కిందికి వాలదు. తెలుగులో ప్రసంగించేటప్పుడు మాత్రం నోట్స్‌ను వ్యాసం భాషలో రాయకూడదు. ‘ఈ పట్టికను పరిశీలించినట్లయితే అవగతమగునది ఏమనగా’ అని రాసి చదివితే వినేవారు రెండో నిమిషంలోనే దూరమవుతారు. ‘ఈ పట్టికలో మూడో వరుస చూడండి’ అని రాసుకుంటే గొంతు దానంతట అదే మాట్లాడే తీరులోకి వస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది శబ్దం మీద. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకుంటారు, గొంతు గుహలోంచి వచ్చినట్టు ఉంటే సర్దుకోరు. లాప్‌టాప్‌లో ఉండే మైకు గదిలోని ప్రతిధ్వనినీ, లాప్‌టాప్ లోపలి ఫ్యాను మోతనూ కలిపి పట్టేస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో గానీ దొరికే సాధారణ కాలర్ మైకు చాలు. నేను వాడేది బోయా బీవై-ఎం1. దాని తీగ 6 మీటర్ల పొడవు, ఎల్ఆర్44 బటన్ సెల్ వేసుకుంటుంది, ఫోనుకూ కెమెరాకూ మార్చుకునే చిన్న మీట ఉంటుంది. లాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్, మైకు కలిపి ఒకే రంధ్రం ఉంటే నేరుగా పెట్టవచ్చు. రెండూ విడివిడిగా ఉన్న పాత యంత్రాలకు చిన్న స్ప్లిట్టర్ కొనాలి. మైకును గడ్డానికి జానెడు కింద తగిలించి, కొంగుకో కాలరుకో రాసుకోకుండా చూసుకోవాలి.

మన ఊరి ఇళ్లలో నిశ్శబ్దం దొరకడం తేలిక కాదు. పగలు ట్రాలీ ఆటోల మైకుల్లో ఉల్లిగడ్డల ధరలు వినిపిస్తూనే ఉంటాయి, అపార్ట్‌మెంటులో బోరు మోటారు వేళ వేరు, పై అంతస్తులో డ్రిల్లింగ్ వేళ వేరు. నాకు కుదిరింది రాత్రి పదకొండు దాటాక. ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాను ఆపి మాట్లాడడం నిజంగా కష్టమే, అయినా ఆపాలి. ఆ మోత రికార్డింగులో చినుకుల్లా పరుచుకుంటుంది. ఇక్కడ కూడా స్లైడ్‌వారీ రికార్డింగ్ అక్కరకొస్తుంది: రెండు స్లైడ్లు చెప్పి ఫ్యాను వేసుకుని, చెమట ఆరాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. పుస్తకాల అలమారా, బట్టల బీరువా ఉన్న గది ఖాళీ హాలు కన్నా మేలు. నేల మీద బొంతో దుప్పటో పరిస్తే ప్రతిధ్వని ఇంకా తగ్గుతుంది. చెవులకు తగిలే సన్నని హుమ్ శబ్దం వస్తుంటే ముందుగా చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో ఆ శబ్దం చాలాసార్లు చార్జర్ నుంచే వస్తుంది.

ఇంత చేసినా కొంత రొద మిగిలితే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మాట లేని రెండు క్షణాల భాగాన్ని నమూనాగా చూపి, ఆ తరహా రొదను మొత్తం నుంచి తీసేయమని చెప్పవచ్చు. మరీ ఎక్కువగా తీస్తే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు మారుతుంది కాబట్టి మితంగా వాడాలి. పవర్‌పాయింట్ నుంచి గొంతు బయటికి తీయడం కూడా తేలికే. పీపీటీఎక్స్ ఫైలు నకలు ఒకటి చేసుకుని దాని చివరి పేరును జిప్‌గా మారిస్తే, లోపలి మీడియా ఫోల్డరులో స్లైడ్ల గొంతులన్నీ ఎం4ఏ ఫైళ్లుగా ఉంటాయి. విండోస్‌లో ఆడాసిటీ వాటిని తెరవాలంటే అలాంటి ఫైళ్లను చదివే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీని జతచేసుకోవాలి. శుభ్రం చేసిన శబ్దాన్ని తిరిగి స్లైడ్‌లో పెట్టి, దానంతట అది మొదలయ్యేలా అమర్చి, స్లైడ్ మారే సమయాన్ని దాని నిడివికి సరిపెట్టాలి. శ్రమ ఉంది, అందుకే గదిని సిద్ధం చేసుకోవడం మీదే ముందు సమయం పెడతాను.

స్లైడ్‌లోనే ఉన్న ట్రిమ్ సౌకర్యంతో మొదట్లో, చివర్లో మిగిలిన నిశ్శబ్దాన్ని కత్తిరించవచ్చు. కానీ గొంతును కత్తిరించినా స్లైడ్ నిలిచే సమయం తగ్గదు. ట్రాన్సిషన్స్ ట్యాబ్‌లో దాన్ని విడిగా సవరించాలి. ఇది తెలియకపోతే వీడియోలో ఎందుకో అర్థంకాని మౌనాలు కనిపిస్తాయి.

రసాయనశాస్త్రానికి దీనిలో నాకు బాగా నచ్చినది పెన్ను. ఎలక్ట్రాన్ జంట ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతుందో వంపు బాణం గీస్తూ చెబితే, గీతలు గొంతుతో పాటు అదే క్షణంలో వీడియోలో వస్తాయి. బోర్డు ముందు నిలబడి చెప్పిన తృప్తి దీనిలో కొంత దొరుకుతుంది. మామూలు మౌస్ బాణం మాత్రం రికార్డు కాదు. చూపించాలంటే లేజర్ పాయింటర్‌నే వాడాలి, కంట్రోల్ మీట పట్టుకుని మౌస్ ఎడమ మీట నొక్కి కదిపితే చాలు. ముఖం చూపించే కెమెరా విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు: పరిచయ స్లైడ్‌లోనూ చివరి స్లైడ్‌లోనూ చూపించి, మధ్యలో గ్రాఫులు ఉన్నచోట ఆపేస్తాను.

వీడియోగా మార్చేటప్పుడు 1080పీ ఎంచుకుంటే ఏ సదస్సుకైనా సరిపోతుంది. 4కె వల్ల సమయం, ఫైలు బరువు పెరగడమే తప్ప అక్షరాలకు ఒరిగేది తక్కువ. రికార్డు చేసిన సమయాలను వాడమనే ఎంపిక తప్పక ఉండాలి, సమయం నమోదుకాని స్లైడ్‌కు 5 సెకన్లు లెక్కగా పడుతుంది. 2013 కూర్పుకు ముందు చేసిన పాత స్లైడ్లు 4:3 కొలతలో ఉంటాయి, వాటిని 16:9కి మార్చకపోతే రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. ఫైలు నిర్వాహకులు చెప్పిన పరిమితి దాటితే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించవచ్చు. తెలుగు స్లైడ్లు చేసేవారికి వీడియో ఒక పెద్ద వరం: పీపీటీఎక్స్ పంపితే అవతలి యంత్రంలో మన ఫాంటు లేనప్పుడు వరుసలు చెదిరి, అక్షరాలు గడులు దాటిపోతాయి, ఒకచోట నిర్వాహకులు నా స్లైడ్లను తమ యంత్రంలో తెరిచినప్పుడు ఒత్తులన్నీ కిందికి జారి శీర్షికలే చదవలేకుండా అయ్యాయి. వీడియోలో అక్షరం బొమ్మగా స్థిరపడుతుంది కాబట్టి ఆ బాధ ఉండదు.

వీడియో తయారయ్యాక దాన్ని ఒకసారి ఇయర్‌ఫోన్లతో, మరోసారి ఫోను స్పీకర్‌లో పూర్తిగా వింటాను, స్లైడ్ మారే ప్రతి చోటా మొదటి, చివరి మాటలు తెగాయేమో ముఖ్యంగా చూస్తాను. గొంతు ఉన్న పీపీటీఎక్స్‌ను మాత్రం ఎప్పుడూ తొలగించను. పదిహేను నిమిషాలకు చెప్పిన ప్రసంగాన్నే మరో సదస్సు వారు ఎనిమిది నిమిషాల్లో అడిగితే, వివరాల స్లైడ్లను హైడ్ చేసి, పరిచయాన్నీ ముగింపునూ మాత్రం కొత్తగా చెప్పి, ఆ రాత్రికే కొత్త వీడియో తీయవచ్చు.