ఎండాకాలం మ్యాచ్‌కి జంటగా: సరిహద్దు ఊళ్ల నుంచి విశాఖకా, కటక్‌కా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఉండే తెలుగువాళ్లకి పెద్ద క్రికెట్ మ్యాచ్ చూడాలంటే రెండే దిక్కులు. పైన కటక్ బారాబతి స్టేడియం, కింద విశాఖ పీఎం పాలెం స్టేడియం. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే ఏ జట్టు ఆడుతోందన్నది తర్వాత, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది ముందు తేల్చుకోవాలి. 7:30కి మొదలైన ఐపీఎల్ ఆట ముగిసేసరికి పదకొండు దాటుతుంది. గేటు బయటపడి ఆటో దొరికేసరికి పన్నెండు. అప్పుడు ఇంటికి బండి పట్టుకుందాం అనుకుంటే స్టేషన్ బెంచీ మీదే తెల్లవారుతుంది. గది ఖాయం చేసుకున్నాకే టికెట్టు కొనండి.

రాయగడ, పర్లాకిమిడి వాళ్లకి విశాఖే, రెండో మాట లేదు. బరంపురం వాళ్లకే సందేహం. కటక్ రెండు వందల కిలోమీటర్ల లోపు, విశాఖ అంతకంటే దూరం. అయినా వేసవి మ్యాచ్‌ల మటుకు విశాఖకే మా ఓటు. 2010, 2012లో అప్పటి హైదరాబాద్ ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ కటక్‌లో సొంత (హోమ్) మ్యాచ్‌లు కొన్ని ఆడింది, 2014లో పంజాబ్ జట్టూ ఆడింది. 2024, 2025ల్లో మాత్రం ఢిల్లీ క్యాపిటల్స్ ఏటా రెండేసి సొంత మ్యాచ్‌లు విశాఖలో పెట్టుకుంది. అవి మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పడ్డాయి కాబట్టి ఎండ ఇంకా పూర్తిగా ముదరలేదు. కటక్‌లో 2022 జూన్ 12న దక్షిణాఫ్రికాతో జరిగిన టీ20 లాంటిది మళ్లీ పడితే, రాత్రి ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. రుతుపవనాల ముందు ఉక్క ఎలా ఉంటుందో బరంపురం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

విశాఖ స్టేడియం ఊరి మధ్యలో లేదు. జాతీయ రహదారి 16 పక్కనే, ఇచ్ఛాపురం వైపు నుంచి వస్తే నగరం కంటే ముందే తగులుతుంది. చాలామంది ఇది తెలియక ఊళ్లోని ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్లి, అదే దారిలో మళ్లీ వెనక్కి వస్తారు. రోడ్డు మీద వచ్చేవాళ్లు తగరపువలస, ఆనందపురం దాటాక మధురవాడ కార్ షెడ్ జంక్షన్లో దిగితే సరిపోతుంది. అయితే మ్యాచ్ రోజు పోలీసులు దారి మళ్లిస్తుంటారు. లారీలని ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా పంపేస్తారు, కొన్నిసార్లు మిగతా బళ్లని కూడా మారికవలస దగ్గర బీచ్ రోడ్డుకి తిప్పుతారు. బస్సెక్కగానే కండక్టర్‌ని అడగండి. దారి మళ్లుతుందంటే మారికవలసలోనే దిగి ఆటో చూసుకోవడం నయం. రాయగడ వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు విజయనగరంలో దిగి మధురవాడ మీదుగా వెళ్లే విశాఖ బస్సెక్కొచ్చు. రైలు కొత్తవలస తిరిగి ఊళ్లోకి వెళ్తుంది, మళ్లీ బయటికి రావాలి.

బరంపురం నుంచి హాయిగా ఉండేది వందేభారత్. భువనేశ్వర్‌లో తెల్లవారుజామున బయలుదేరి ఏడు దాటాక బరంపురంలో ఆగుతుంది, పదకొండుకల్లా విశాఖ. వారానికి ఆరు రోజులే నడుస్తుంది, మ్యాచ్ రోజు ఉందో లేదో చూసుకోండి.

బస మూడు చోట్ల చూడొచ్చు. మధురవాడ, కొమ్మాది లాడ్జీల నుంచి ఆట అయ్యాక నడిచో, కొద్ది ఆటో ఖర్చుతోనో చేరొచ్చు. అర్ధరాత్రి జంటగా తిరగాల్సిన అవసరం ఉండదు. కానీ మ్యాచ్ తేదీలు ప్రకటించగానే నిండిపోతాయి. ఋషికొండ వైపు సముద్రం ఉంది, ఖర్చూ ఉంది. ద్వారకానగర్, కాంప్లెక్స్ చుట్టుపక్కల గదులు ఎక్కువ, టిఫిన్ సెంటర్లూ ఎక్కువ. చిక్కల్లా రాత్రి ఆటోవాళ్లు చెప్పే రేటే. మర్నాడు ఊళ్లో పనుంటే తప్ప మధురవాడే ఎంచుకోండి.

కటక్ వెళ్లేవాళ్లు భువనేశ్వర్‌లో గది తీసుకుంటే మేలు. బారాబతి పాత ఊరి మధ్యలో ఉంది, చుట్టూ రోడ్లు ఇరుకు, మ్యాచ్ రోజు కటక్ గదుల అద్దె అందదు. సాయంత్రం కాస్త ముందుగా వెళ్తే దహీబరా ఆలూదమ్ (పెరుగు వడలు, బంగాళాదుంప కూర) తినే వీలుంటుంది. అది వదులుకోకండి.

ఇక టికెట్టు. ఆన్‌లైన్లో కొన్నా కొన్ని మ్యాచ్‌లకి కౌంటర్లో కాగితం టికెట్టుగా మార్చుకోవాలి. బుక్ చేసిన వాళ్ల ఫోటో గుర్తింపు కార్డు అడుగుతారు. ఒకరు వెళ్లి ఇద్దరివీ తెచ్చుకోవచ్చు, దానికి సగం పూట లెక్కేసుకోండి. ఫోన్లో చూపించే టికెట్టయితే అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది: రెండూ భర్త ఫోన్లోనే ఉంటాయి. గేటు దగ్గర ఆడవాళ్ల తనిఖీ వరస వేరు. ఆమె లైను ముందు కదిలిపోతుంది, ఆయన నలభై మంది వెనక ఉంటాడు, జనం వల్ల నెట్‌వర్క్ పనిచేయదు, ఫోన్ కలవదు. ఎవరి టికెట్టు వాళ్ల ఫోన్లో స్క్రీన్‌షాట్‌తో సహా ఉండాలి. లోపల కలుసుకునే చోటు కూడా వరసలో నిలబడక ముందే అనుకోండి. స్టాండు పేరు, మెట్ల నంబరు చెప్పుకుంటే చాలు.

బ్యాగు, నీళ్ల సీసా, పవర్‌బ్యాంక్, గొడుగు, అత్తరు సీసా లోపలికి రానివ్వరు, చాలాచోట్ల చిల్లర నాణేలు కూడా తీసేయిస్తారు. విసిరేవాళ్లుంటారని ఆ జాగ్రత్త. 2015 అక్టోబరులో బారాబతిలో భారత్ 92కే కుప్పకూలినప్పుడు సీసాలు మైదానంలో పడి ఆట ఆగింది. గేటు దగ్గర సామాను దాచే ఏర్పాటు ఉంటుందని నమ్ముకోకండి. గదిలో పెట్టి రండి, గది లేకపోతే రైల్వే క్లోక్‌రూమ్‌లో. అక్కడ రైలు టికెట్టు ఉండాలి, బ్యాగుకి తాళం ఉండాలి, తాళం లేని సంచీ తీసుకోరు.

మధ్యాహ్నం 3:30 ఆట అయితే సీటు దిక్కు చూసి కొనండి. 2025 మార్చి 30న ఢిల్లీ, హైదరాబాద్ మ్యాచ్ ఆ వేళకే పెట్టారు. పిచ్ సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి పడమటి స్టాండుకి ముందు నీడ వస్తుంది. తూర్పు స్టాండులో కూర్చుంటే ఆరింటి దాకా పొద్దు ముఖం మీదే. కాలిన సిమెంటు మెట్టు మీద మడతపెట్టిన తువ్వాలు ఎంత పనికొస్తుందో కూర్చున్నాకే తెలుస్తుంది. తర్వాత అదే తలమీద వేసుకోవచ్చు.

మరుగుదొడ్డి కోసం ఇన్నింగ్స్ విరామం దాకా ఆగకండి. ఆ ఇరవై నిమిషాలూ వరసలోనే పోతాయి, ఆడవాళ్ల వైపు మరీను. ఐపీఎల్‌లో 6–9 ఓవర్ల మధ్య ఒకటి, 13–16 మధ్య ఒకటి రెండున్నర నిమిషాల టైమ్ అవుట్లు ఉంటాయి. దానికి ఒక ఓవర్ ముందే లేవండి. నీళ్లు, బిర్యానీ కూడా ఎనిమిదో ఓవర్ లోపు తెచ్చుకుంటే వేడిగా దొరుకుతాయి.

మర్నాడు తొందర లేదు. బరంపురం వైపు వందేభారత్ మధ్యాహ్నం 3:45కి, రాయగడలో ఆగే దుర్గ్ వందేభారత్ మూడు లోపు. సింహాచలం దర్శనం చేసుకొచ్చి బండెక్కేంత సమయం ఉంటుంది. కొండ మీది నుంచి పన్నెండుకల్లా దిగిపోండి.