శాన్ వాన్ కొండల్లో గనుల ఊళ్లు: యూరేలో బస, సిల్వర్‌టన్‌లో గని, టెల్యురైడ్‌కి ఒక పూట

కొలరాడోలో ఆస్పెన్ చెట్లు పసుపెక్కే రోజులొస్తే డెన్వర్‌లో మనవాళ్లు చాలామంది కెనోషా పాస్ అనే కొండ కనుమ దాకా వెళ్లి, ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇల్లు చేరతారు. వరుసగా సెలవులు దొరికితే మాత్రం నైరుతి మూలనున్న శాన్ వాన్ కొండలకు వెళ్లండి. ఆకుల రంగు అక్కడా ఇక్కడా ఒకటే. కానీ అక్కడ ఆ చెట్ల మధ్య వెండి, బంగారం కోసం 1870లలో పుట్టిన ఊళ్లు ఇంకా జనంతో కళకళలాడుతున్నాయి. సెప్టెంబరు ఆఖరి వారంలో అమ్మానాన్నలను తీసుకుని యూరే, సిల్వర్‌టన్, టెల్యురైడ్ తిరిగొచ్చాం. నాన్న కొత్తగూడెంలో సింగరేణి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. అందుకే ఆకుల దగ్గర కంటే గనుల దగ్గరే ఎక్కువసేపు ఆగాం.

ముందు బస సంగతి. యూరే 7,792 అడుగుల ఎత్తులో ఉంది, సిల్వర్‌టన్ 9,318 అడుగుల ఎత్తులో. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ తేడా రాత్రి పడుకున్నాక తెలుస్తుంది. సిల్వర్‌టన్‌లో మేం దిగింది లాడ్జిగా మార్చిన పాతకాలం ఇల్లు. ఎత్తైన కిటికీలు, ఇనుప మంచాలు, చేత్తో కుట్టిన బొంతలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. అయితే లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, బాత్రూంలో వేడినీళ్లు రావడానికి చాలాసేపు పట్టింది. అమ్మకు తలనొప్పితో తెల్లవార్లూ నిద్ర లేదు. కుర్ర జంటలకైతే ఆ ఊళ్లో ఒక రాత్రి బాగుంటుంది. పెద్దవాళ్లకు యూరేనే నయం. అక్కడ వంటగది ఉన్న సాదా మోటెల్ గదిలో హాయిగా గడిచింది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు, ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లాల్సిందే. బియ్యం, కూరగాయలు దారిలో మాంట్రోజ్‌లోనే కొనుక్కోండి. యూరేలో 1927 నుంచీ నడుస్తున్న వేడినీటి కొలను ఉంది. ఆ నీటికి గంధకం వాసన ఉండదు. నిలువెత్తు కొండల మధ్య సాయంత్రం అందులో కూర్చున్నాక అమ్మ మోకాళ్ల నొప్పుల ఊసే ఎత్తలేదు.

సిల్వర్‌టన్‌లో తప్పక చూడాల్సింది ఓల్డ్ హండ్రెడ్ బంగారు గని. హెల్మెట్, పసుపు రంగు రెయిన్‌కోటు ఇచ్చి చిన్న రైల్లో కొండ లోపలికి మైలులో మూడో వంతు తీసుకెళ్తారు. లోపల ఎప్పుడూ 9 డిగ్రీల చలే, స్వెట్టర్ లేకుండా వెళ్లకండి. రైలు దిగగానే అందరూ గోడల్లో మెరుపుల కోసం వెతుకుతుంటే నాన్న తలెత్తి పైకప్పు చూశారు. "ఇంత తక్కువ సపోర్టా?" అన్నారు. ఆ మాట గైడుకు చెప్పాను. ఇక్కడిది గట్టి రాయి, చాలాచోట్ల దానంతటదే నిలబడుతుంది, బొగ్గు మీద పొరలు పొరలుగా ఉండే రాయి అలా నిలవదు అని వివరించాడాయన. గైడు కూడా ఒకప్పుడు గనుల్లో పనిచేసినవాడే. అప్పటినుంచి నాన్నను పక్కనే నిలబెట్టుకుని టూరంతా ఆయనకే చెప్పాడు.

తర్వాత గాలితో నడిచే డ్రిల్లు ఆన్ చేసి చూపించాడు. ఆ చప్పుడుకు ఛాతీ అదిరింది. తొలినాటి డ్రిల్లులు నీళ్లు లేకుండా పొడిగా తొలిచేవట. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, వయసులో ఉన్నవాళ్లే దగ్గి దగ్గి చనిపోయేవారు. డ్రిల్లు కడ్డీ లోపల్నుంచి నీళ్లు పంపే పద్ధతి 1890లలో డెన్వర్‌లోనే కనిపెట్టారు. "మేం గూడ దుమ్ము లేవకుండ నీళ్లు కొట్టేటోళ్లం, అయినా దగ్గు దగ్గే" అన్నారు నాన్న. టిక్కెట్టు డబ్బులకు ఈ గంట పూర్తిగా న్యాయం చేస్తుంది. నాకైతే మొత్తం ప్రయాణంలో ఇదే గొప్ప.

యూరే, సిల్వర్‌టన్ మధ్య రోడ్డును మిలియన్ డాలర్ హైవే అంటారు. 11,018 అడుగుల రెడ్ మౌంటెన్ పాస్ మీదుగా వెళ్తుంది. చాలాచోట్ల అంచున రెయిలింగ్ లేదు. యూరే నుంచి సిల్వర్‌టన్ వైపు వెళ్లేటప్పుడు లోయ పక్క లేన్ మనదే, టెన్షన్ పడేవాళ్లను కారులో ఎడమవైపు కూర్చోబెట్టండి. దారిలో ఎర్రటి కొండలు, కూలిన గని కట్టడాలు, పసుపు చారల వాగులు కనిపిస్తాయి. ఆ రంగును అందమని మాత్రమే చూసి వచ్చేయకండి. 2015 ఆగస్టులో సిల్వర్‌టన్ ఎగువన గోల్డ్ కింగ్ గనిలోంచి 30 లక్షల గ్యాలన్ల విషపు నీరు ఎగదన్ని యానిమస్ నది నారింజ రంగుకు తిరిగింది. గని మూతపడినా దాని నీళ్లు ఆగవు.

యూరేలో మ్యూజియం పాత గని కార్మికుల ఆసుపత్రి భవనంలో ఉంది. తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఈ ఊరికి ఒకటుంది. థామస్ వాల్ష్ అనే ఆయనకు 1896లో ఈ ఊరి పైనున్న క్యాంప్ బర్డ్‌లో బంగారం దొరికింది. ఆ సంపదలో పెరిగిన కూతురు ఎవలిన్ 1911లో హోప్ వజ్రం కొన్నది. ఆ నీలి వజ్రం పుట్టిల్లు మన పల్నాడులోని కొల్లూరు గని అని చరిత్రకారులు చెబుతారు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. క్యాంప్ బర్డ్ కొండ కింద నిలబడి నాన్నకు ఇది చెబితే, "తవ్వినోళ్ల పేర్లు రెండుచోట్లా లేవు" అన్నారు.

టెల్యురైడ్ అందంగానే ఉంటుంది, ధరలే మండిపోతాయి. అక్కడ రాత్రి ఉండక్కర్లేదు. డల్లాస్ డివైడ్ అనే కనుమ మీదుగా పొద్దున్నే వెళ్లండి, ఆస్పెన్‌ల వెనక స్నెఫెల్స్ శిఖరం కనిపించే ఆ మలుపులు దారి దూరాన్ని మరిపిస్తాయి. గొండోలా, అంటే తీగ మీద వేలాడుతూ కొండెక్కే కేబుల్ కారు, ఉచితం, కొండ మీదికి ఎక్కి దిగితే చాలు.

డురాంగో నుంచి సిల్వర్‌టన్‌కు 1882 నుంచీ నడుస్తున్న రైలు పిల్లలకు పండగే. కానీ ఒక్క వైపుకే మూడున్నర గంటలు పడుతుంది. పెద్దవాళ్లుంటే ఒకవైపు రైలు, ఒకవైపు బస్సు ఉన్న టిక్కెట్టు తీసుకోండి. అక్టోబరు మధ్యకల్లా గని టూరు మూసేస్తారు, పాస్ మీద మంచు మొదలవుతుంది. గదులు మాత్రం వేసవిలోనే బుక్ చేసుకోండి, ఆకుల వారానికి యూరేలో వంటగది ఉన్నవే ముందు అయిపోతాయి.