బార్‌బెల్ ఎత్తే పద్ధతి నేర్చుకోవడానికి ఏది మేలు: ఎదుట కోచ్ ఉండాలా, ఫోన్ కెమెరా సరిపోతుందా?

బార్‌బెల్‌తో, అంటే రెండు చివరలా బరువులు ఎక్కించే పొడవాటి కడ్డీతో, వ్యాయామం మొదలుపెట్టేవారికి ఈ రోజుల్లో సమాచారానికి కొరత లేదు. బార్‌ను వీపుపై మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్‌లో పాదాలు ఎంత ఎడంగా పెట్టాలో, బార్‌ను నేలనుంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో బార్ కాళ్లకు ఎంత దగ్గరగా ఉండాలో, బెంచీపై వెల్లకిలా పడుకుని బార్‌ను పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో మోచేతులు ఎంత లోపలికి ఉండాలో చెప్పే వీడియోలూ పుస్తకాలూ కావలసినన్ని దొరుకుతాయి. అయినా వాటిని శ్రద్ధగా చూసి, చదివి, ఆపైన బార్ కిందికి వెళ్లినవారిలో చాలామంది, తాము చూసినదానికీ చేస్తున్నదానికీ పొంతన లేదన్న సంగతిని గమనించలేరు. బరువు మోస్తున్నప్పుడు ఎవరికీ తమ వెన్ను కనిపించదు, తుంటి ఎంత దిగిందో కనిపించదు. శరీరం లోపలినుంచి అందే అంచనా కొత్తవారి విషయంలో నమ్మదగినది కాదు. తొడలు నేలకు సమాంతరాన్ని దాటి దిగాయని గట్టిగా నమ్మినవాడు సగం దూరమే దిగి ఉంటాడు. నడుము నిటారుగా ఉందనుకున్నవాడి నడుము వంగి ఉంటుంది. కాబట్టి చేస్తున్నదాన్ని చూసి చెప్పేవారెవరన్నది ముందు తేల్చుకోవాలి. ఎదుట నిలబడే కోచ్ ఒక మార్గం, సొంతంగా తీసుకుని చూసుకునే ఫోన్ వీడియో మరొకటి, ఆ వీడియోనే దూరాన ఉన్న కోచ్‌కు పంపి సలహా తీసుకోవడం మూడోది.

మంచి కోచ్ విలువ తప్పును చూడటంలో కన్నా దాని మూలాన్ని పట్టుకోవడంలో ఎక్కువగా తెలుస్తుంది. డెడ్‌లిఫ్ట్‌లో కొత్తవారు తరచూ చేసే పొరపాటునే తీసుకుందాం: బార్ నేలను వదలకముందే పిరుదులు పైకి లేచిపోతాయి, ఆ తరువాత బరువంతా నడుముతో లాగవలసి వస్తుంది. వీడియోలో ఇది ఎవరికైనా కనిపిస్తుంది. అయితే దాన్ని తానే దిద్దుకోబోయినవాడు మరుసటి సెట్‌లో, అంటే ఆగకుండా వరుసగా ఎత్తే మరుసటి విడతలో, పిరుదులను ఇంకా కిందికి దించి మొదలుపెడతాడు. అప్పుడు మోకాళ్లు ముందుకు వచ్చి బార్‌ను పాదం మధ్యభాగం మీదినుంచి వేళ్లవైపు నెడతాయి. ఆ స్థితిలో బార్ కదలాలంటే పిరుదులు మళ్లీ లేవక తప్పదు. మొదట్లోనే అవి అవసరానికి మించి కిందికి ఉండటమే అసలు లోపమని, వాటిని కొంచెం ఎత్తి, బార్‌ను పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉంచి మొదలుపెడితే చాలని అనుభవమున్న కోచ్ ఒక్క మాటలో చెప్పగలడు. స్క్వాట్‌లో మడమలు లేవడం కూడా ఇలాంటిదే. చీలమండ బిగుసుకుపోయి ఉండవచ్చు, బరువు వేళ్లమీదికి ఒరిగి ఉండవచ్చు, తుంటిని కదపకుండా మోకాళ్లను మాత్రమే ముందుకు తోస్తూ దిగుతూ ఉండవచ్చు. కోచ్ మడమల కింద పలుచని బరువు ప్లేట్లు పెట్టించి, మరోసారి చేయించి, వీటిలో ఏది కారణమో అక్కడికక్కడే తేల్చుకుంటాడు. కెమెరాకు ఆ పని చేతకాదు.

కోచ్ ఏ మాటతో చెబుతాడన్నదీ ముఖ్యమే. కదలికలు నేర్చుకునే తీరుపై గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు చేసిన పరిశోధనల్లో, నేర్చుకునేవారు తమ అవయవాలమీద కన్నా ఆ కదలిక బయట కలిగించే ఫలితంమీద దృష్టి పెట్టినప్పుడు తరచుగా మెరుగ్గా నేర్చుకుంటారని తేలింది. అందుకే “తొడ కండరాలను బిగించు” అనేదానికన్నా “పాదాలతో నేలను కిందికి నెట్టు” అన్న మాట బాగా పనిచేస్తుంది. ఎవరికి ఏ మాట అందుతుందో గుర్తించి, ఒకటి పారకపోతే మరొకటి ప్రయత్నించి, రెండు రెప్‌ల (ఒక్కోసారి ఎత్తడం ఒక రెప్) మధ్యలోనే దాన్ని అందించడం ఎదుట ఉన్న మనిషి వల్లే అవుతుంది.

కోచ్ అన్న పేరున్న ప్రతివారికీ ఈ నేర్పు ఉంటుందని మాత్రం అనుకోకూడదు. మొదటిరోజే ప్లేట్లు ఎక్కించేవారు, ప్రతి రెప్‌కూ నాలుగు సూచనలు ఏకధాటిగా చెప్పేవారు, బెంచ్ ప్రెస్‌లో సగం బరువు తామే ఎత్తుతూ “మొత్తం నీదే” అని ఉత్సాహపరిచేవారు ఎక్కడైనా కనిపిస్తారు. అలాంటివారి దగ్గర నెలల తరబడి నేర్చుకోవడం కన్నా, ఒక ఫోన్, ఒక స్టాండ్, కొంత ఓపిక నిస్సందేహంగా మేలు. పనికివచ్చే కోచ్‌ను గుర్తుపట్టడానికి గోడమీది సర్టిఫికెట్లు అంతగా ఉపయోగపడవు. కొత్తవారికి ఖాళీ బార్ ఇస్తున్నాడా, సెట్ జరుగుతున్నప్పుడు చూపు అక్కడే ఉంటుందా, పక్కకు వెళ్లి కూడా చూస్తున్నాడా, ఒకసారికి ఒకే విషయం దిద్దుతున్నాడా అన్నవి ఒక గంట గమనిస్తే తెలిసిపోతాయి. పదిహేనుమందికి ఒక్కరే నేర్పే గుంపు తరగతిలో, ఆ ఒక్కరు ఎంత సమర్థులైనా, ఒక్కొక్కరికి దక్కే చూపు చాలా తక్కువ.

మంచి కోచ్ విషయంలోనూ ఒక చిక్కుంది. సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లో ప్రచురించిన సమీక్షలో, ప్రతి ప్రయత్నానికీ ఫలితం ఎవరో ఒకరు చెబుతూ పోతే అప్పటికి కదలిక మెరుగ్గా కనిపించినా, నేర్చుకునేవాడు ఆ సాయానికి అలవాటుపడి, అది లేనప్పుడు తడబడవచ్చన్న వాదన ముందుకు వచ్చింది. ఏడాదిపాటు కోచ్ మాట లేకుండా ఒక్క సెట్ కూడా చేయనివారిని చూస్తే ఈ వాదనలో బలముందనే అనిపిస్తుంది.

ఇక కెమెరా సంగతి. దీన్ని సరిగా వాడేవారు తక్కువ కాబట్టి దీనికి అన్యాయంగా చెడ్డపేరు వచ్చిందని నా అభిప్రాయం. ఫోన్‌ను నేలమీద సీసాకు ఆనించి, ఏటవాలుగా తీసిన వీడియో చూసి స్క్వాట్ లోతు తేల్చుకోవడం కుదరని పని. ముందువైపు నుంచి ఏటవాలుగా, బాగా కిందినుంచి తీస్తే, కెమెరాకు దగ్గరగా ఉన్న మోకాలు తుంటికన్నా ఎత్తున ఉన్నట్టు కనిపించి, దిగనిది కూడా దిగినట్టే ఉంటుంది. బాగా పైనుంచి తీస్తే దీనికి తలకిందులుగా, లోతైన స్క్వాట్ కూడా లోతు చాలనట్టు కనిపిస్తుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కన్నా కిందికి దిగిందో లేదో తేల్చడానికి ఒకరు ఎదురుగా, ఇద్దరు చెరో పక్కన మొత్తం ముగ్గురు రెఫరీలను కూర్చోబెట్టి, ఎక్కువమంది మాటే తీర్పుగా తీసుకుంటారంటే, ఒకే కోణం ఎంత మోసం చేయగలదో ఊహించవచ్చు. లోతు చూడటానికి ఫోన్ సరిగ్గా పక్కన, తుంటి ఎత్తులో, పాదాలూ బార్ చివరా పూర్తిగా కనిపించేంత దూరంలో ఉండాలి. మోకాళ్లు లోపలికి కూలుతున్నాయా అన్నది పక్కనుంచి తెలియదు కాబట్టి, అందుకు ఒక సెట్‌ను ఎదురుగా తీయాలి. లోతు చూడటానికి అద్దం పనికిరాదు: ఎదురుగా ఉన్న అద్దం లోతు చూపదు, పక్కనున్న అద్దం కోసం బార్ మోస్తూ మెడ తిప్పవలసి వస్తుంది.

వీడియోలో చూడవలసినదాన్ని కూడా ముందే నిర్ణయించుకోవాలి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లలో బార్ చివర దాదాపు నిలువు గీతలో, పాదం మధ్యభాగానికి పైనే కదులుతోందా అన్నది మొదటి పరీక్ష. బెంచ్ ప్రెస్‌లో మాత్రం ఈ కొలత పనికిరాదు. అక్కడ బార్ ఛాతీ కిందిభాగాన్ని తాకి, పైకి వెళ్తూ భుజాలవైపు వంపు తిరగడమే సరైన దారి. సెట్ ముగియగానే వీడియో తెరవకుండా, ఏ రెప్ బాగుందో, ఏది చెడిందో ముందు తానే అంచనా వేసుకుని ఆ తరువాత చూస్తే, లోపలి అంచనా క్రమంగా నిజానికి దగ్గరవుతుంది. కోచ్ మీద ఆధారపడటం అనే చిక్కు ఇక్కడ లేదు, కానీ ప్రతి సెట్‌నూ పది సార్లు చూసుకుని బెంగపడే అలవాటు దాని స్థానంలో వచ్చి కూర్చునే అవకాశముంది.

సొంతంగా నేర్చుకునేవారిని తప్పుదారి పట్టించే ఇంకో విషయం పోలిక. తొడ ఎముక పొడవుగా, మొండెం పొట్టిగా ఉన్నవారు స్క్వాట్‌లో బార్‌ను పాదం మధ్యభాగం మీదే నిలుపుకోవాలంటే ఎక్కువగా ముందుకు వంగక తప్పదు. బార్‌ను మెడకు దగ్గరగా పెట్టే పద్ధతిలో కన్నా, భుజాల వెనుక కొంచెం కిందికి పెట్టే లో-బార్ పద్ధతిలో ఆ వంపు ఇంకా పెరుగుతుంది. పొట్టి తొడలున్న ఛాంపియన్ నిటారుగా దిగడం చూసి, తనది తప్పనుకుని, ఉన్న మంచి పద్ధతిని పాడుచేసుకునేవారు తక్కువేం కాదు. మీ వంపు మీ ఎముకల వల్ల వచ్చిందని, దిద్దవలసిన అవసరమే లేదని చెప్పడం కూడా కోచ్ పనే.

దూరాన ఉన్న కోచ్‌కు వీడియో పంపే మార్గం పై రెండింటికీ మధ్యస్థం. మూలాన్ని పట్టుకునే కన్ను దొరుకుతుంది, మాట మాత్రం ఆలస్యంగా అందుతుంది. మొదటి వారాల్లో తప్పులు సెట్‌సెట్‌కూ మారుతుంటాయి కాబట్టి, సోమవారం పంపిన వీడియోకు గురువారం వచ్చే జవాబు అప్పటికే పాతబడుతుంది. పద్ధతి కొంత స్థిరపడ్డాక, ఒకే తప్పు వదలకుండా వెంటాడుతున్న దశలో, ఈ మార్గం చాలా బాగా పనిచేస్తుంది.

ఏ మార్గం పట్టినా మొదలుపెట్టే బరువు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పోటీల్లో పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ బార్ 20 కిలోలు, మహిళలది 15 కిలోలు. ఖాళీ బార్‌తో స్క్వాట్ నేర్చుకోవచ్చు. కొందరికి, నిలబడి బార్‌ను తలపైకి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్‌లో ఆ 20 కిలోలే ఎక్కువ కాబట్టి తేలికపాటి బార్ వెతుక్కోవాలి. డెడ్‌లిఫ్ట్‌లో అడ్డంకి వేరే చోట ఉంది. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలనుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న ప్లేట్లు వేసి నేలమీదినుంచి లాగితే బార్ అంతకన్నా కిందికి దిగిపోయి, నడుము వంచకుండా అందుకోవడమే కష్టమవుతుంది. అది చూసి తన నడుమే బాగోలేదని భయపడటం అనవసరం. 45 సెంటీమీటర్ల తేలిక ప్లేట్లు గానీ, బార్‌ను ఆ ఎత్తుకు లేపే దిమ్మలు గానీ వాడితే సరిపోతుంది. స్మిత్ మెషీన్ ఈ పోటీలోకి రాదు: బార్ పట్టాలమీద కదిలే చోట, బార్‌ను పాదంమీద నిలుపుకోవడం అనే అసలు పాఠమే మిగలదు.

నాకైతే నెమ్మదిగా సాగే నాలుగు లిఫ్ట్‌లకు, అంటే స్క్వాట్, బెంచ్ ప్రెస్, ఓవర్‌హెడ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లకు, మొదటి కొద్ది సెషన్లు మంచి కోచ్ దగ్గర, ఆ తరువాత కెమెరాతో ఒంటరిగా, బరువు పెరిగి పద్ధతి చెదురుతోందనిపించినప్పుడు మళ్లీ కోచ్ దగ్గరికి అన్న వరుసే అన్నిటికన్నా మేలుగా తోస్తుంది. ఒక్క నెలకే కోచ్‌ను పెట్టుకునే స్తోమత ఉంటే ఆ నెల మొదటిదే కావాలి. తప్పు అలవాటుగా ముదిరాక దాన్ని విడిపించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. లొంగని బరువును క్షేమంగా వదిలేయడం కూడా ఆ సెషన్లలోనే నేర్చుకోవాలి: స్క్వాట్ చేసే ర్యాక్‌లో సేఫ్టీ బార్లు ఏ ఎత్తులో పెట్టాలో, వాటిమీద బార్‌ను ఎలా దించాలో ఖాళీ బార్‌తోనే సాధన చేయాలి. సేఫ్టీ బార్లు గానీ, సాయం పట్టే మనిషి గానీ లేకుండా బెంచ్ ప్రెస్ ఒంటరిగా చేయకపోవడమే ఉత్తమం. తప్పనిసరైతే, ప్లేట్లు జారకుండా పట్టి ఉంచే కాలర్లు బిగించకుండా ఉంచితే, బార్ ఛాతీమీద ఆగిపోయినప్పుడు ఒక పక్కకు వంచి ప్లేట్లు జారవిడిచే వీలుంటుంది. బెంచ్ ప్రెస్‌లో బొటనవేలు బార్ చుట్టూ తిరిగి ఉండాలన్న నియమానికి మాత్రం ఏ మినహాయింపూ లేదు.

కోచ్ అసలే దొరకనివారు ఈ నాలుగింటిలో ఓవర్‌హెడ్ ప్రెస్‌తో ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. అక్కడ ప్రధానమైన తప్పు వెనక్కి వాలిపోవడం, పక్కనుంచి తీసిన వీడియోలో అది తేలికగా కనిపిస్తుంది. ప్రెస్ ఒకప్పుడు ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో భాగమే; లిఫ్టర్లు అతిగా వెనక్కి వంగుతుంటే ఎక్కడ గీత గీయాలో న్యాయనిర్ణేతలకు తేలకపోవడంతో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత దాన్ని తొలగించారు. సాధన చేసుకునేవారికి పోటీ తీర్పుతో పనిలేదు, నడుము విల్లులా వంగకుండా ఉంటే చాలు.

బార్‌ను నేలనుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్, ముందు భుజాలమీదికి, ఆపైన తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్ విషయంలో మాత్రం ఈ బేరీజు మారిపోతుంది. బార్ నేలనుంచి లేచి, శరీరం దాని కిందికి దూరడం రెప్పపాటులో జరిగిపోతుంది. స్లో మోషన్‌లో తప్పు కనిపించినా, అది బార్‌ను నేలనుంచి మొదట లాగడంలో పుట్టిందా, చేతులు ముందే వంగడంవల్ల వచ్చిందా అన్నది కొత్తవారికి తెలియదు, తెలిసినా మరుసటి ప్రయత్నంలో దిద్దుకునే వ్యవధి ఉండదు. కర్రతో, ఖాళీ బార్‌తో, ముక్కలు ముక్కలుగా దశలవారీగా నేర్పే మనిషి ఇక్కడ తప్పనిసరి. ఆ కోచ్ దొరికేదాకా స్నాచ్‌ను పక్కనపెట్టి, బార్‌ను భుజాల ముందు పెట్టుకుని చేసే ఫ్రంట్ స్క్వాట్‌తో కాళ్లనూ, ప్రెస్‌తో భుజాలనూ సిద్ధం చేసుకోవడం మేలు.