లెక్కలో ± ను మోసే పద్ధతులు: ఏది మేలు?

లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రాక్టికల్ సైన్స్ విద్యార్థుల్లో చాలామంది చేసిందే. లోలకం పొడవు 1.000 ± 0.001 మీటరు, ఆవర్తన కాలం 2.006 ± 0.004 సెకన్లు అనుకుందాం. జవాబు 9.81 అని ఏ ప్రోగ్రామైనా చెబుతుంది. దాని పక్కన ±, అంటే జవాబులోని అనిశ్చితి, ఎంత రాయాలన్న దగ్గరే పేచీ.

చాలామంది మొదట చేసేది సొంతంగా ఒక ఫంక్షన్ రాసుకోవడం. గుణకారం వచ్చినప్పుడల్లా శాతాల్లో ఉన్న అనిశ్చితులను వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తారు. సూత్రంలో కాలానికి వర్గం ఉంది కాబట్టి కోడ్‌లో టి*టి అని రాస్తారు. ఫంక్షన్‌కు అవి రెండు వేర్వేరు కొలతల్లా కనిపిస్తాయి. ±0.03 వస్తుంది. రావలసింది ±0.04. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు, అందుకే నాకు ఈ దారి అస్సలు నచ్చదు.

పైథాన్‌లోని అన్‌సర్టెంటీస్ లైబ్రరీ ఇక్కడ నయం. ప్రతి ఫలితం ఏ మూల కొలత మీద ఎంత ఆధారపడిందో అవకలజాల (కొలత కాస్త మారితే ఫలితం ఎంత మారుతుందో చెప్పే విలువల) రూపంలో గుర్తుంచుకుంటుంది. ఒక కొలతలోంచి అదే కొలతను తీసేస్తే 0 ± 0 ఇస్తుంది. మామూలు ల్యాబ్ పనికి నా ఓటు దీనికే. కానీ అది వక్రరేఖను సరళరేఖగా భావించి లెక్కిస్తుంది. 0 ± 0.1 ను వర్గం చేయమంటే 0 ± 0 అంటుంది! నిజానికి సాధారణ విభాజనంలో ఆ వర్గాల సగటే 0.01.

అలాంటి చోట మాంటీ కార్లో తప్పదు. కొలతల అనిశ్చితిపై ఉన్న అంతర్జాతీయ మార్గదర్శికి 2008లో వచ్చిన అనుబంధం చెప్పేదీ ఈ పద్ధతే: కొలతల విభాజనాల (ఏ విలువ ఎంత తరచుగా రావచ్చో చెప్పే పంపకాల) నుంచి లక్షల నమూనాలు తీసి, ఒక్కోదాన్నీ సూత్రంలో పెట్టి, జవాబులు ఎలా పరుచుకున్నాయో చూడటం. సమయం పడుతుంది, రన్ చేసినప్పుడల్లా చివరి అంకెలు కాస్త మారతాయి. విభాజనం ఏదో మీరే చెప్పాలి కూడా. స్కేలు గీతల మధ్య ఎక్కడైనా ఉండొచ్చన్న ±0.5 మిల్లీమీటర్లను నేరుగా ప్రామాణిక విచలనంగా ఇచ్చేస్తుంటారు. దాన్ని √3 తో భాగించాలి.

ప్రతి కొలతనూ కనిష్ఠ, గరిష్ఠ హద్దుల జతగా తీసుకుని లెక్కించే అంతరాల గణితం మన లోలకానికి 9.76 నుంచి 9.86 దాకా అని హద్దులు చెబుతుంది. కచ్చితమైన హద్దే కావాలనుకునేవాళ్లకు సరే. ఒక రాశిలోంచి అదే రాశిని తీసేసినా మామూలుగా సున్నా రాదు, లెక్క పొడవయ్యేకొద్దీ ఉబ్బిపోతుంది.

ఫలితాన్ని సీఎస్‌వీ ఫైల్లో దాచేటప్పుడు ఇంకో చిక్కు. ఒకే లోలకం పొడవు వాడి ఇద్దరు విద్యార్థులు లెక్క కడితే, వాళ్ల ఫలితాల తేడాలో పొడవు అనిశ్చితి దాదాపు కొట్టుకుపోవాలి. విలువ, ± అని రెండు కాలమ్‌లే రాస్తే ఆ సంబంధం పోతుంది; తిరిగి చదివాక ఏ లైబ్రరీ కూడా దాన్ని పట్టుకోలేదు. ఫలితాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి మారతాయో చెప్పే పట్టికను, అంటే కోవేరియన్స్ మాత్రికనూ దాచాలి. లేదా మాంటీ కార్లో నమూనాలను, ఒక్కో వరుసలో ఒకే ట్రయల్ ఉండేలా, అలాగే భద్రపరచాలి. ఫైలు పెద్దదవుతుంది. అవనివ్వండి, డిస్కులో చోటు చవకే.