జేబులో పట్టే కెమెరా: ఏళ్ల తరబడి వాడాక సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 గురించి

చేతిలో ఫోనుండగా ఇంకో కెమెరా దేనికని శ్రీకాకుళంలో నన్ను అడగని చుట్టం లేడు. పగటిపూట, ఆరుబయట, గ్రూప్ ఫొటోలకైతే నిజంగానే అక్కర్లేదు. వెలుతురు తగ్గి, ఎదుటి మనిషి కదులుతున్నప్పుడే తేడా తెలుస్తుంది. నేను కొన్నది ఆ తేడా కోసమే. ఇది 2014లో వచ్చిన మోడల్, బ్యాటరీతో కలిపి 290 గ్రాములు. ప్యాంటు జేబులో ఇమిడిపోతుంది. చొక్కా జేబులో వేస్తే మాత్రం జేబు సాగి వేలాడుతుంది, వంగితే జారిపడుతుందేమోనని ఒకటే టెన్షన్.

షాపుకెళ్తే మనవాళ్లు ముందు అడిగేవి రెండే: ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత జూమ్. చిన్న కెమెరాకు ఆ రెండూ తర్వాతి సంగతులు. ముందు సెన్సర్ (లెన్స్ వెనక వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్) సైజు చూడాలి, ఆ వెంటనే లెన్స్ ఎంత వెలుతురు రానిస్తుందో చూడాలి. తక్కువ ధర కాంపాక్ట్‌లలో సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. ఇందులో ఉన్న ‘ఒక అంగుళం’ సెన్సర్ 13.2 × 8.8. పేరుకే అంగుళం, ఏ మూల నుంచి ఏ మూలకు కొలిచినా అంగుళం రాదు. అయినా వైశాల్యంలో నాలుగు రెట్లు. మసక వెలుతురులో ఫొటోకి చుక్కలు చుక్కలుగా గరుకు పట్టకపోవడానికి అసలు కారణం అదే.

పొందూరులో ఖద్దరు నూలు వడికే ఇంట్లో దీని పనితనం బాగా తెలిసింది. అక్కడ పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. గదికి ఒకటే కిటికీ. నేను కెమెరా బయటికి తీయగానే ఆ ఇంటి పెద్దావిడ, “ఏటి బాబూ, సబ్బుపెట్టంత ఉంది, ఇదేటి తీస్తాది?” అంది. జూమ్ చేయకుండా 24 ఎం.ఎం. దగ్గరే (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) ఉంచితే ఇది 5 సెంటీమీటర్ల దూరం దాకా ఫోకస్ పట్టుకుంటుంది. ఎఫ్ అంటే లెన్స్ రంధ్రం కొలత, అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ, స్పష్టంగా వచ్చే లోతు తక్కువ. ఎఫ్ 1.8లో తీస్తే దవడలో ఒక్క పన్ను స్పష్టంగా వచ్చి మిగతావన్నీ మసకబారాయి. ఎఫ్ 4కి మార్చి, తక్కువ వెలుతురుకి సరిపోయేలా ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 పెట్టాక పళ్ల వరసా, వాటి మధ్య చిక్కుకున్న దూది పోగులూ విడివిడిగా కనిపించాయి. ఫోనులో అదే ఫొటో తీస్తే దూదంతా తెల్లటి ముద్దయింది. ఒక ఇబ్బంది ఉంది: అంత దగ్గరికి వెళ్తే లెన్స్ నీడ వస్తువు మీదే పడుతుంది. కిటికీ పక్కకి వచ్చేలా మనమే జరిగి కూర్చోవాలి.

రెండో పరీక్ష విజయనగరంలో, పైడితల్లమ్మ సిరిమానోత్సవం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, గుడికీ కోటకీ మధ్య ఇసకేస్తే రాలనంత జనం. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం ముందు నడుస్తుంటే వెనక సిరిమాను అనే పొడవాటి మాను ఊగుతూ వస్తుంది. మాను కొసన పూజారి. అప్పటికి పొద్దు వాలుతూ ఉంటుంది. ఇక్కడే మార్క్ 3 లెన్స్ విలువ తెలుస్తుంది. 2012లో వచ్చిన మొదటి ఆర్‌ఎక్స్100 మోడల్ 100 ఎం.ఎం. దాకా జూమ్ అవుతుంది గానీ, ఆ కొసకి వెళ్లేసరికి ఎఫ్ 4.9కి పడిపోతుంది. ఇది 70 దగ్గరే ఆగిపోతుంది, కానీ ఎఫ్ 2.8 నిలబెట్టుకుంటుంది. లెక్క కడితే మూడు రెట్ల వెలుతురు. షట్టర్ వేగం పెంచుకోవచ్చు, పూజారి ముఖం చెదరదు. కన్ను ఆనించి చూసే, పైకి లేచే వ్యూఫైండర్ ఎండ ఎదురుగా ఉన్నప్పుడు ప్రాణం లేచొచ్చేలా పనిచేస్తుంది. దాన్ని కిందికి నొక్కితే కెమెరాయే ఆఫ్ అయిపోతుంది, అలా ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. జనంలో ఉన్నప్పుడు దాన్ని పైకే ఉంచేయడం నయం.

తేలినీలాపురం పక్షుల కోసమైతే ఇది కొనకండి. చింతచెట్ల మీద పెలికాన్లు 70 జూమ్‌లో తెల్ల చుక్కల్లా వస్తాయి, అంతే. 2019 నాటి మార్క్ 7 జేబు సైజులోనే 200 దాకా వెళ్తుంది గానీ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, పైగా లెన్స్ ఇంత వెలుతురు ఇవ్వదు. పక్షులే ముఖ్యమనుకుంటే చిన్న సెన్సరైనా పెద్ద జూమ్ ఉన్న కెమెరా తీసుకుని ఉదయపు వెలుతురులో వెళ్లడం మంచిది.

కళింగపట్నం బీచ్‌లో మిట్ట మధ్యాహ్నం ఎఫ్ 1.8లో తీయాలంటే 1/2000 సెకను షట్టర్ కూడా చాలదు, ఫొటో తెల్లగా పేలిపోతుంది. లోపలే ఉన్న ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురుని తగ్గించే అద్దం) ఆన్ చేస్తే సరిపోతుంది. ఎండకి ముఖాల మీద నీడలు పడితే దీని బుల్లి ఫ్లాష్ చక్కగా పూడుస్తుంది. ఇసక మాత్రం జాగ్రత్త. లెన్స్ ముందుకీ వెనక్కీ జరిగే ఏ కెమెరాకైనా అదే శత్రువు. ఇంటికి రాగానే బ్రష్‌తో దులిపి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో పెడతాను. సముద్రపు గాలికి ఇక్కడ లెన్సుల్లో బూజు పట్టడం మామూలే.

విసిగించేవీ ఉన్నాయి. టచ్ స్క్రీన్ లేదు, 4కె వీడియో లేదు, మెనూ చూస్తే అడవిలో తప్పిపోయినట్టుంటుంది. బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 320 ఫొటోలు, కాబట్టి పండగ రోజున రెండోది జేబులో ఉండాల్సిందే. ఒక షాపులో చవగ్గా ఇచ్చిన డూప్లికేట్ బ్యాటరీ కొన్నాళ్లకే ఉబ్బిపోయింది, ఆ పని మీరు చేయకండి. ముందువైపు పట్టు లేక చేయి జారుతుంది, అందుకే రబ్బరు గ్రిప్ అంటించుకున్నాను.

ఇదే జాతిలో కానన్ జీ7ఎక్స్ మార్క్ 2కి టచ్ ఉంది, 100 దాకా జూమ్ ఉంది, వ్యూఫైండర్ లేదు. ఇంట్లో పిల్లల ఫొటోలకి నేనైతే అదే చెప్తాను. రికో జీఆర్ 3 సెన్సర్ ఇంకా చాలా పెద్దది, కానీ జూమూ లేదు, ఫ్లాషూ లేదు. వీధుల్లో తిరిగి తీసేవాళ్లకే అది.

ఈమధ్య చిన్న కెమెరాల మోజు మళ్లీ లేచి సెకండ్ హ్యాండ్ ధరలు కూడా పెరిగాయి. వాడినది కొనేటప్పుడు ఎఫ్ 11లో తెల్ల గోడని ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టే, లెన్స్ విప్పకుండా అది పోదు. జూమ్ నాలుగైదుసార్లు ఆడించి చప్పుడు వినండి. వ్యూఫైండర్ లేపి, మూసి, స్క్రీన్‌ని పైకీ కిందికీ తిప్పి చూశాకే డబ్బులు ఇవ్వండి.